నాణెములు చెప్పిన కాన్‌స్టంటైను చరిత్రము

క్రైస్తవ సంఘ చరిత్రమును చదివినవారిలో కాన్‌స్టంటైను చక్రవర్తి పేరు విననివారుండరు. హింసలపాలైన సంఘమునకు విశ్రాంతి నొసగిన మహారాజని కొందఱు అతనిని కొనియాడిరి. కన్నకొడుకును చంపించిన క్రూరుడని కొందఱు దూషించిరి. అతని కాలముననే జీవించిన యూసీబియసు అను కైసరయ బిషప్పు అతని జీవితమును గ్రంథముగా వ్రాసెను. ఆ గ్రంథములో ఆ కొడుకు మరణమును గూర్చి యొక్క మాటయు లేదు. సుమారు క్రీ. శ. 500 ప్రాంతమున జోసిమసు అను నతడు, పాత దేవతలను కొలుచువాడు, మఱియొక చరిత్రమును వ్రాసెను. అందు చక్రవర్తి చేసిన కార్యములు చాలవఱకు తప్పులుగనే కానవచ్చును. మిత్రుడు దాచెను, శత్రువు పెంచెను. ఇట్టి యెడల నిజమును తెలిసికొనుట యెట్లు?

మూడవ సాక్షి యొకడు కలడు. అతడే నాణెము. కాన్‌స్టంటైను పేరిట అచ్చువేయబడిన రాగి, వెండి, బంగారు నాణెములు నేటికిని వేలకొలది నిలిచియున్నవి. నాణెము కూడ రాజు చెప్పుమన్నదే చెప్పును గదా యని మీరడుగవచ్చును. నిజమే. అయితే బొమ్మక్రింద సన్నని గీతకు దిగువను రెండు మూడు చిన్న యక్షరములుండును. అవి రాజు కీర్తికొఱకు వేసినవి కావు. టంకశాలవారు తమ లెక్కకొఱకు వేసికొన్నవి. ఆ చిన్న యక్షరముల సాయముతో ఈ చక్రవర్తి జీవితమును మరల చదివి చూతము.

కాన్‌స్టంటైను సుమారు క్రీ. శ. 272వ సంవత్సరమున, నేటి సెర్బియాదేశములో నీష్ అని పిలువబడు నాయిసస్ పట్టణమున జన్మించెను. తండ్రి కాన్‌స్టాంటియసు సేనానాయకుడు. తల్లి హెలెన సామాన్య కుటుంబములో పుట్టినది. ఆ కాలమున డయోక్లీషియను చక్రవర్తి రోమను సామ్రాజ్యము నొక్కడే పాలించుట యసాధ్యమని తలంచి, తనతోకూడ నలుగురు పాలకులుండునట్లు ఏర్పాటు గావించెను. పెద్దలిద్దఱకు ఆగస్టసు అనియు, చిన్నలిద్దఱకు కైసరు అనియు బిరుదులు. 293వ సంవత్సరమున కాన్‌స్టాంటియసు పశ్చిమ భాగమునకు కైసరయ్యెను. కుమారుడు మాత్రము తూర్పున నికొమేదియ నగరములో డయోక్లీషియను కొలువున నుండవలసివచ్చెను. అది గౌరవముతో కూడిన చెఱవంటిది.

సుమారు 294లో డయోక్లీషియను నాణెములను సంస్కరించెను. పది గ్రాముల బరువుగల పెద్ద రాగినాణెమును, కొంచెము వెండి కలిపి, సామ్రాజ్యమంతట ఒక్క తీరున వేయించెను. లండను మొదలు అలెక్సంద్రియ వఱకు బొమ్మ యొక్కటే, బొరుసు యొక్కటే. అట్లైనచో బరువు తగ్గినను, లోహము చెడినను, తప్పు ఎవరిదో కనిపెట్టుట యెట్లు? అందుకొఱకే క్రింది యక్షరములు. లండను నాణెమునకు ఎల్. ఎన్. అనియు, ట్రియరు నాణెమునకు టి. ఆర్. అనియు, అంతియొకయ నాణెమునకు ఏ. ఎన్. అనియు గుర్తులు వేసిరి. ఒక్కొక్క టంకశాలలో పలు పనిగదులుండెను. పశ్చిమదేశములలో సాధారణముగా ఊరి పేరునకు ముందు పి అన్న మొదటి గది, ఎస్ అన్న రెండవది, టి అన్న మూడవది, క్యూ అన్న నాలుగవది. తూర్పుదేశములలో తఱచుగా ఊరి పేరునకు తరువాత ఆల్ఫా, బీటా, గామా మొదలగు గ్రీకక్షరములే లెక్కకు వచ్చును.

నాణెము చేయు విధము గూడ ఎఱుగవలెను. రాజముఖము చెక్కిన ఇనుప అచ్చును దాగలిలో బిగింతురు. దానిపై లోహపుబిళ్ల నుంచి, బొరుసు అచ్చును చేత పట్టుకొని సమ్మెటతో కొట్టుదురు. దెబ్బలన్నియు పై అచ్చుమీదనే పడుటచే అది ముందు చెడును. క్రింది అచ్చు ఎక్కువకాలము నిలుచును. అచ్చులన్నియు చేతితో చెక్కినవగుటచే ఏ రెండును సరిగా నొకేరీతి నుండవు. ముక్కు కొనకును అక్షరమునకును నడుమగల దూరము, కిరీటపు ముడి, జుట్టు గీతలు, వీనిని పోల్చి చూచినచో రెండు నాణెములు ఒకే అచ్చున పడినవో కావో చెప్పవచ్చును. ఒకే రాజముఖము రెండు వేఱువేఱు బొరుసులతో దొరకినచో ఆ రెండు బొరుసులును ఒకే టంకశాలలో, ఇంచుమించు ఒకే కాలమున పుట్టినవని తేలును. అచ్చు బీటు వాఱినచో ఆ బీటు నాణెముమీద గీతగా తేలును. గీత చిన్నదిగా నున్న నాణెము ముందుది. పెద్దదిగా నున్నది తరువాతిది.

ఇక కథకు వత్తము. 303వ సంవత్సరమున నికొమేదియలో క్రైస్తవులపై ఘోరహింస ఆరంభమయ్యెను. యువకుడగు కాన్‌స్టంటైను ఆ దినములలో ఆ కొలువుననే యుండెను. 305లో డయోక్లీషియను పదవి విడిచెను. కాన్‌స్టంటైను తండ్రియొద్దకు పశ్చిమమునకు పోయెను. 306వ సంవత్సరము జూలై 25వ తేదీని తండ్రి బ్రిటనులోని యార్కు పట్టణమున మరణింపగా, సైనికులు కుమారుని అచ్చటనే ఆగస్టసుగా ప్రకటించిరి. తూర్పున నున్న పెద్ద చక్రవర్తి గలేరియసు దాని కొప్పుకొనక, కైసరు పదవిని మాత్రమిచ్చెను. కాన్‌స్టంటైను తొందరపడక దానిని స్వీకరించెను. మఱుసటి యేడు మాక్సిమియను కుమార్తెయగు ఫౌస్తను వివాహమాడి, ఆగస్టసు బిరుదమును పొందెను.

ఇచ్చట నాణెములు మిక్కిలి సొంపైన సాక్ష్యమిచ్చుచున్నవి. 307 తరువాత ట్రియరు, లండను, లయన్సు గుర్తులు గల నాణెములమీద కాన్‌స్టంటైను ఆగస్టసు. కాని ఆ కాలముననే అంతియొకయ, అలెక్సంద్రియ, థెస్సలొనీక గుర్తులుగల నాణెములలో కొన్నిటిమీద అతడు ఆగస్టసుల కుమారుడు మాత్రమే! గుర్తు చూడని చదువరి ఈ రెండు బిరుదములను చూచి, ఒకటి ముందుకాలమునది, ఒకటి వెనుకకాలమునది అనుకొనును. క్రింది యక్షరములు చూచినవానికి అసలు సంగతి తెలియును. కాలము ఒక్కటే, టంకశాల యజమానులు వేఱు. ఒకే మనుష్యుడు తన యింట రాజు, పొరుగింట చిన్నవాడు.

సుమారు 310 నుండి అతని నాణెములపై సూర్యదేవుని బొమ్మ విరివిగా వచ్చెను. తలచుట్టు కిరణములు, కుడిచేయి పైకెత్తి, ఎడమచేత గోళము పట్టి నిలిచిన మూర్తి అది. ఆ ప్రాంతముననే ట్రియరులో అతడు సాలిడసు అను క్రొత్త బంగారునాణెమును వేయించెను. ఒక రోమను పౌను బంగారమునకు 72 నాణెములు. ఒక్కొక్కటి ఇంచుమించు నాలుగున్నర గ్రాములు. ఈ తూకము తూర్పు సామ్రాజ్యములో సుమారు ఏడువందల యేండ్లు నిలిచెను. రాగినాణెము గతి అట్లు కాదు. 294లో పది గ్రాములున్నది 318 నాటికి మూడు గ్రాములయ్యెను. చక్రవర్తి మరణించునాటికి ఒకటిన్నర గ్రాముకు దిగెను. బంగారము ధనవంతుని చేతిది, రాగి కూలివాని చేతిది. ఎవరి సొమ్ము నిలిచినదో, ఎవరి సొమ్ము కరగినదో త్రాసు చెప్పుచున్నది.

312వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీని రోమాపురము వెలుపల మిల్వియను వంతెన కడ కాన్‌స్టంటైను మాక్సెంటియసును గెలిచెను. మాక్సెంటియసు టైబరునదిలో మునిగి చనిపోయెను. ఈ యుద్ధమునకు ముందు క్రీస్తు చిహ్నము కాన్‌స్టంటైనునకు దర్శనమైనదని ఆ కాలపు క్రైస్తవ గ్రంథకర్తలు వ్రాసిరి. మఱుసటి యేడు అతడును, తూర్పు చక్రవర్తియగు లిసీనియసును మిలానులో కలిసికొని, క్రైస్తవులకును తక్కినవారికిని తమతమ మతమును స్వేచ్ఛగా ఆచరించుకొను హక్కును, సంఘమునుండి లాగుకొన్న ఆస్తులను మరల ఇచ్చుటయు నిర్ణయించిరి. ఓస్టియా రేవునందలి మాక్సెంటియసు టంకశాలను మూసి, పనివారిని గాల్‌దేశములోని ఆర్ల్ పట్టణమునకు తరలించిరి.

దర్శనమైన మఱునాటినుండి రాజు పూర్తిగా మాఱిపోయెనా? ఇటలీలోని టికినుమ్ పట్టణపు టంకశాలకు పోయి చూతము. నేడది పావియా. 313లో వేసిన పెద్ద బంగారు పతకమొకటి పారిసు నగరములో నున్నది. దానిపై కాన్‌స్టంటైను ముఖమును, సూర్యదేవుని ముఖమును ప్రక్కప్రక్కనే అన్నదమ్ములవలె కనబడును. 315లో వేసిన వెండిపతకములు మూడు మాత్రమే మిగిలినవి. టికినుమ్ పనియని చాలమంది పండితులు చెప్పు ఆ పతకముపై చక్రవర్తి శిరస్త్రాణమునకు ముందువైపున క్రీస్తు నామములోని ఖీ, రో అను మొదటి రెండు గ్రీకక్షరములు కలిపిన చిన్న గుర్తు కలదు. అతడు పట్టిన డాలుమీద మాత్రము రోమను తోడేలును, పాలు త్రాగు కవలలును ఉన్నవి. సూర్యుని బొమ్మ రాగినాణెములపై ఇంకను 318 ప్రాంతము వఱకు సాగెను. 321లో ఆదివారమును విశ్రాంతిదినముగా శాసించినప్పుడును దానిని సూర్యుని దినమనియే పేర్కొనెను. ఈ రాజు హృదయము ఒక్క రాత్రిలో తెల్లవాఱినది కాదు. వెలుగు మెల్లమెల్లగా వచ్చెను. చీకటియు మెల్లగనే పోయెను.

మఱియొక చిక్కుప్రశ్న. కాన్‌స్టంటైను పేరును ముఖమునుగల కొన్ని నాణెముల బొరుసుమీద జూపిటరు దేవుడు, అనగా మన తెలుగు బైబిలులోని ద్యుపతి, నిలిచియుండును. వాటిని చూచి, ఇతడు క్రీస్తు పేరు చెప్పుచునే విగ్రహమును కొలిచెనని తీర్పు చెప్పుట సులభము. కాని క్రింది యక్షరములను చదువుడు. ఎస్. ఎం. ఎన్. అనునది నికొమేదియ, ఎస్. ఎం. కె. అనునది సిజికస్. ఈ రెండు ఊళ్లును 324 వఱకు లిసీనియసు చేతిలో నుండెను. జూపిటరు లిసీనియసునకు ఇష్టదైవము. ఇద్దఱు చక్రవర్తులు పైకి స్నేహముగా నున్న దినములలో ఒకరి టంకశాలలో మఱియొకరి పేరిట గూడ నాణెములు వేయు ఆచారముండెను. కావున ఆ బొమ్మ లిసీనియసు నమ్మకమునకే సాక్ష్యము, కాన్‌స్టంటైనునది కాదు. రెండక్షరములు చదువనందున ఒక మనుష్యునిపై తప్పు మోపుట యెంత సులభమో చూడుడు!

ఆ స్నేహము నిలువలేదు. 324లో కాన్‌స్టంటైను లిసీనియసును ఏడ్రియనోపులునొద్దను, పిమ్మట క్రిసోపోలిసు కడను ఓడించి, సామ్రాజ్యమంతటికి ఏకప్రభువయ్యెను. ప్రాణము నిలుపుదునని మాట యిచ్చియు 325లో లిసీనియసును చంపించెను. ఆ సంవత్సరముననే నీకయ నగరములో బిషప్పుల మహాసభను సమావేశపఱచెను. ఆ జయములో పెద్దపాలు అతని పెద్దకొడుకు క్రిస్పసుది. హెలెస్పాంటు జలసంధిలో ఓడలతో శత్రువును గెలిచినవాడు అతడే. క్రిస్పసు 317లో కైసరయ్యెను. లండను, ట్రియరు మొదలగు టంకశాలలు అతని ముఖముతో అనేక నాణెములు వేసినవి. 324 మొదలు తల్లి హెలెనకును, భార్య ఫౌస్తకును గూడ నాణెములు వచ్చినవి. ఫౌస్త నాణెము బొరుసుమీద ఒక తల్లి ఇద్దఱు శిశువుల నెత్తుకొని నిలిచియుండును.

326వ సంవత్సరమున తండ్రి యాజ్ఞచేత క్రిస్పసు పోలా పట్టణమున చంపబడెను. కొలదికాలమునకే ఫౌస్తయు మరణించెను. యూసీబియసు దీనిని చెప్పలేదని ముందే వ్రాసితిని. టంకశాలలు గూడ నోటితో చెప్పలేదు, అయినను చెప్పినవి. ఆ యేటినుండి ఏ టంకశాల గుర్తుతోను క్రిస్పసు నాణెము లేదు, ఫౌస్త నాణెము లేదు. హెలెన నాణెములు సాగినవి, తమ్ముల నాణెములు సాగినవి. ఈ ఇద్దఱివి మాత్రము కత్తితో కోసినట్లు ఆగినవి. శిలాశాసనములనుండి క్రిస్పసు పేరు చెక్కివేయబడెను. చెదరిన నాణెములనుండి దానిని చెక్కుట ఎవరి తరము? ప్రజల మూటలలో, మట్టికుండలలో ఆ యువకుని ముఖము నేటివఱకు భద్రముగా నున్నది. సంఘమునకు మేలుచేసినవాడని ఈ నేరమును మనము కప్పిపుచ్చరాదు. సత్యమును దాచి చేసిన స్తోత్రము దేవునికిని ఇష్టముకాదు.

పిమ్మట కాన్‌స్టంటైను బైజాంటియము పట్టణమును తన పేరిట నూతన రాజధానిగా కట్టించెను. 330వ సంవత్సరము మే 11వ తేదీని దానిని ప్రతిష్ఠించిరి. సుమారు 327లో ఆ నగరపు టంకశాలయందు మాత్రమే ఒక చిన్న రాగినాణెము పుట్టెను. దానిపై క్రీస్తు నామాక్షరములు శిరస్సున గల ధ్వజము ఒక పామును పొడుచుచున్నది. దేవతల బొమ్మలు అప్పటికే అతని నాణెములనుండి ఇంచుమించు తొలగిపోయినవి. ఇప్పుడు చక్రవర్తి ముఖము కొన్నిటిపై కన్నులు పైకెత్తి ఆకాశమువంక చూచుచుండును.

ఈ కాలపు నాణెములను గుర్తించువానికి ఒక ఉచ్చు కలదు. సుమారు 328లో ఆర్ల్ పట్టణమునకు గూడ చక్రవర్తి కుటుంబపు పేరే పెట్టి కాన్‌స్టంటీన యనిరి. కావున రెండు టంకశాలలును ఇంచుమించు ఒకే అక్షరములు వేసినవి. వేఱుచేయుట యెట్లు? ముందు చెప్పిన సూత్రము జ్ఞాపకమున్నచో చాలును. పి గాని ఎస్ గాని ముందుండి, చివర టి యున్నచో అది పశ్చిమపు ఆర్ల్. ముందేమియు లేక, చివర గ్రీకక్షరమున్నచో అది కాన్‌స్టాంటినోపులు. 330 నుండి విరివిగా వచ్చిన ఇద్దఱు సైనికుల నాణెమును గూడ గమనింపుడు. సైనికుల నడుమ రెండు ధ్వజములున్నచో అది మొదటిది. ఒక్క ధ్వజమే యున్నచో 335 తరువాతిది, బరువు తగ్గినది.

337వ సంవత్సరమున పారసీకులపై యుద్ధమునకు సిద్ధమగుచుండగా చక్రవర్తికి జబ్బుచేసెను. నికొమేదియ సమీపమున, ఆ నగరపు బిషప్పు చేత బాప్తిస్మము పొందెను. రాజవస్త్రమును మరల ధరింపక తెల్లని వస్త్రములతోనే యుండి, పెంతెకొస్తు దినమున, మే 22వ తేదీని మరణించెను. యౌవనమున హింసను కన్నులార చూచిన ఆ నికొమేదియ చెంతనే అతని దినములు ముగిసినవి.

కుమారులు తండ్రి జ్ఞాపకార్థము పలు టంకశాలలలో చిన్న నాణెములు వేయించిరి. బొమ్మమీద ముసుగుకప్పిన శిరస్సు. పాత రోమను ఆచారముచొప్పున దివ్యుడను బిరుదము. బొరుసుమీద నాలుగు గుఱ్ఱముల రథమెక్కి పోవు చక్రవర్తి. పైనుండి అతనిని అందుకొనుటకు చాచిన ఒక చేయి. బిరుదము పాతది, చేయి క్రొత్తది. అతని జీవితమంతయు ఆ రెండిటి నడుమ జరిగినదే.

బాలబాలికలారా, రోమను నాణెములు మనకు దూరపు వస్తువులు కావు. పదునెనిమిదవ శతాబ్ది చివర నెల్లూరు ప్రాంతమున ఒక రైతు నాగలికి తగిలిన కుండలో ట్రేజను, హేడ్రియను చక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. కాన్‌స్టంటైను తరువాతి తరముల చిన్న రాగినాణెములు మధురలోను, సింహళములోను దొరకినవి. మీ పొలములోనో, చెఱువుగట్టుననో పాతనాణెము దొరకినచో చింతపండుతో తోమకుడు, కంసాలికి కరగింప నియ్యకుడు. తోమినయెడల ముందుగా అరిగిపోవునది క్రింది చిన్న యక్షరములే. అది దొరకిన చోటును వ్రాసియుంచి, పెద్దలద్వారా ప్రభుత్వపు అధికారులకు తెలియజేయుడు.

కాన్‌స్టంటైను దేవదూత కాడు. జోసిమసు చూపిన రాక్షసుడును కాడు. గొప్ప మేలును, గొప్ప పాపమును ఒకే చేతితో చేసిన మనుష్యుడు. అతని టంకశాలలో పనిగది గుర్తును వేసిన పేరులేని పనివాడు, ఈ బరువునకు నేను బాధ్యుడనని ఒప్పుకొనుచు ఆ చిన్న యక్షరమును చెక్కెను. చక్రవర్తి చరిత్రమునందలి తప్పొప్పులను నేడు మనకు విడదీసి చూపుచున్నది ఆ యక్షరమే. మన పనులమీదను అట్టి గుర్తు వేయుటకు వెనుదీయకుందుము గాక.